మంత్రాలున్న ఊళ్లో చంకకర్రలు ఎందుకు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు సందర్భం తెలుస్తుంది. మన విశాఖను పోలిన ఒక ఆదర్శ ఊహానగరం మీద మీరు ఫాంటసీ నవల రాస్తున్నారు. ఒకవైపు సముద్రం, మిగతా వైపులా కొండలు. అక్కడ ఆకలి లేదు, కులం లేదు, వైద్యులకు మంత్రవిద్య తెలుసు. కథానాయిక పడవలు కట్టే మేస్త్రి. చిన్నప్పుడు వచ్చిన జబ్బు వల్ల ఆమెకు ఒక కాలు పనిచేయదు, చంకకర్రలతో నడుస్తుంది. రాతప్రతి చదివిన స్నేహితులు "ఇంత మంచి ఊళ్లో, ఇన్ని మంత్రాలున్న చోట ఆమె కాలు ఎందుకు బాగుకాలేదు? కనీసం చివర్లోనైనా బాగుచెయ్యి, చదివేవాళ్లు సంతోషిస్తారు" అన్నారు. అప్పట్నుంచి మీకు టెన్షన్. విలన్ మొహం మీద పెట్టిన కాలిన మచ్చ ఉంచాలా, తీసెయ్యాలా అని కూడా అడిగారు. కొండ మీద గుడికి అందరూ మెట్లెక్కి వెళ్లే అధ్యాయం కూడా పెట్టారు, చదివాను.

కాలు బాగుచేయకండమ్మా. కానీ మీ స్నేహితులు అడిగిన దాన్ని కొట్టిపారేయకండి. మంత్రవైద్యం ఉన్న ఊళ్లో ఆమె కర్రలతో ఎందుకు నడుస్తోందన్నది సరైన ప్రశ్నే. దానికి జవాబు ఆమె ముఖతా ఒక డైలాగ్‌లో చెప్పిస్తే సరిపోదు. ఆ ఊరు కట్టిన తీరులో కనబడాలి.

నేను పోలియో వచ్చి, కాలికి ఊతంగా కట్టే కాలిపర్‌తో, చంకకర్రలతో పెరిగినవాణ్ణి. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లుగా కొత్తగా రాసేవాళ్ల రాతప్రతులు చదువుతున్నాను. ఫాంటసీ అంటే నాకు ప్రాణం. అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు ఆ లాజిక్ సంగతి. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. మా అమ్మ తరానికి అది నిజంగా మంత్రంలాంటి మాట. రెండు చుక్కలు నోట్లో వేస్తే ఒక జబ్బే దేశం నుంచి వెళ్లిపోయింది. కానీ అంతకుముందే ఆ జబ్బు వచ్చిన మేం ఎక్కడికీ వెళ్లిపోలేదు. ఈ ఊళ్లోనే ఉన్నాం, పింఛన్ల లైన్లో, బ్యాంకు కౌంటర్ల వెనక, బడుల్లో. కొందరికి ఇన్ని దశాబ్దాల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడుతున్నాయి, దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. జబ్బు పోయిన దేశంలో జబ్బు గుర్తులు మోసే మనుషులు ఇంకో తరం పాటైనా ఉంటారు. మీ నగరానికీ ఇదే వర్తిస్తుంది. మంత్రవైద్యం కనిపెట్టిన ఏడాది ఒకటి ఉంటుంది కదా. ఆమె అంతకుముందు పుట్టిందా? ఆ మంత్రం కొత్త గాయాన్ని మాన్పుతుందే గానీ, వంగి ముదిరిన ఎముకను మార్చలేదా? మొదట కొండ దిగువన ఉన్నవాళ్లకు అంది, మత్స్యకారుల పల్లెకు ఆలస్యంగా చేరిందా? వీటిలో ఏ జవాబు ఎంచుకున్నా మీ ఊరికి ఒక చరిత్ర వస్తుంది. ఇప్పుడు మీ ప్రతిలో లేనిది అదే. అందరూ మొదటినుంచీ సుఖంగానే ఉన్నట్టు రాశారు.

ఇక చివర్లో బాగుచేయడం గురించి. ఈ అలవాటు మనకు చాలా పాతది. భాగవతంలో కుబ్జ కథ చూడండి. కంసుడికి గంధం తీసుకెళ్తున్న ఆమె పాదాలను కృష్ణుడు తన పాదంతో నొక్కి, రెండు వేళ్లతో గడ్డం పైకెత్తితే వంకర నడుము తిన్నగా అయిపోతుంది. మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు జనకుడి సభలో వంది అనే పండితుడితో వాదించి గెలుస్తాడు, తండ్రిని విడిపించుకుంటాడు. ఆ తర్వాత సమంగా నదిలో మునిగితే ఎనిమిది వంకరలూ పోతాయి. (సభంతా అతని శరీరాన్ని చూసి నవ్వడం, అతను తిరిగి ఎత్తిపొడవడం తర్వాత ప్రచారంలోకి వచ్చిన కథ. భారతంలో ద్వారపాలకుడు అడ్డుకున్నది అతను చిన్నపిల్లాడని.) పంచతంత్రంలో ఒక గుడ్డివాడు, ఒక గూనివాడు, మూడు స్తనాల రాకుమారి ఉన్న కథలో, గుడ్డివాణ్ణి చంపడానికి వండిన పాము ఆవిరి తగిలి అతనికి చూపొస్తుంది. అతను కోపంతో గూనివాణ్ణి ఎత్తి ఆమె మీదికి విసిరితే ఇద్దరి లోపాలూ సరిపోతాయి. ఒక్క నిమిషంలో ముగ్గురూ బాగైపోతారు. 1962లో వచ్చిన గులేబకావళి కథ సినిమా మొత్తం చూపు పోయిన రాజుకు చూపు తెచ్చే పువ్వు చుట్టూ నడుస్తుంది. కష్టం రాజుది, సాహసం కొడుకుది.

వీటిని నేను క్లాసులో ఎంతో ఇష్టంగా చెప్పినవాణ్ణే. పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. కానీ వరసగా చదువుతూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. వంకరో, గుడ్డితనమో కథ మొదలవడానికి కావాలి, కథ ముగియడానికి అది పోవాలి. దాంతోనే బతికే మనిషి రోజు ఎలా గడుస్తుందన్నది మధ్యలో ఎక్కడా ఉండదు. డేవిడ్ మిచెల్, షారన్ స్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ఒక పుస్తకం రాసి, ప్రపంచ సాహిత్యమంతా వైకల్యాన్ని ఇలాగే ఊతగా వాడుకుని, పని అయ్యాక పక్కన పెడుతుందని వివరించారు. హాలీవుడ్‌లో 2009 నాటి అవతార్ కూడా ఇంతే. వీల్‌చైర్‌లో ఉన్న సైనికుడు చివరికి వేరే లోకపు శరీరంలోకి వెళ్లి లేచి నిలబడటంతో కథ సుఖాంతమవుతుంది. చూసి బయటికొచ్చిన వీల్‌చైర్ మనిషికి ఆ సుఖాంతంలో చోటు లేదు. మీ నవల చదివి, చివరి పేజీలో ఆమె కర్రలు సముద్రంలోకి విసిరేస్తే, నాకూ అలాగే ఉంటుంది. మూడు వందల పేజీలు నాతో నడిచిన మనిషి, చివర్లో నన్ను వదిలి వెళ్లిపోయినట్టు.

మన భారతంలోనే దీనికి భిన్నమైన ఘట్టం ఒకటుంది, దాని దగ్గర మీరు కాసేపు ఆగాలి. యుద్ధానికి ముందు వ్యాసుడు వచ్చి, చూడాలనుకుంటే చూపు ఇస్తానంటాడు. ధృతరాష్ట్రుడు వద్దంటాడు. నా వాళ్లు నరుక్కోవడం చూడలేను, జరిగింది మాత్రం వింటాను అంటాడు. అప్పుడు వ్యాసుడు సంజయుడికి దివ్యదృష్టి ఇస్తాడు. పగలు, రాత్రి, ఎదురుగా, చాటుగా, ఆఖరికి మనసులో అనుకున్నది కూడా సంజయుడికి తెలిసేలా. పద్దెనిమిది రోజుల యుద్ధం, భగవద్గీతతో సహా, మనకు అందింది ఒక గుడ్డి రాజుకు వినిపించిన కథనంగానే. గీత మొదటి శ్లోకం ఆ రాజు అడిగిన ప్రశ్న. అంటే అక్కడ మంత్రం ఉంది, చాలా పెద్ద మంత్రం. అది కళ్లను బాగుచేయడానికి వెళ్లలేదు, వినడానికి ఒక ఏర్పాటు చేయడానికి వెళ్లింది. ఆ ఏర్పాటు వల్ల కథ చెప్పే పద్ధతే మారిపోయింది. దుర్యోధనుడు పోయాక ఆ దివ్యదృష్టి కూడా పోతుంది, అది ఇంకో విషాదం. ధృతరాష్ట్రుడు మంచివాడని నేను అనను. గుడ్డితనం వల్ల రాజ్యం తమ్ముడికి పోయిందన్న మంట, కొడుకు మీద ప్రేమ, అన్యాయం తెలిసీ ఊరుకోవడం అన్నీ ఉన్న మనిషి. అలా ఉండటం వల్లే అతను బొమ్మగా మిగిలిపోలేదు.

మీ నగరపు మంత్రవైద్యుల్ని కూడా ఈ దారిలో ఆలోచించండి. కాళ్లు బాగుచేసే మంత్రం ఒక్కటే ఎందుకుండాలి? తడిసిన రాయి మీద కర్ర జారకుండా పట్టుకునే మంత్రం, ఒడ్డున ఇసుకను కాసేపు గట్టిపరిచే మంత్రం, దూరం నుంచి చేసైగల్ని చీకట్లో వెలిగించే మంత్రం ఉండవచ్చు కదా. ఇవన్నీ ఎవరో అడిగితేనే పుడతాయి. మీ మేస్త్రి తానే ఒకటి కనిపెట్టిందనుకోండి, సగం కథ అక్కడే దొరుకుతుంది.

ఆదర్శ నగరం అన్నారు కాబట్టి ఆ సాహిత్యం గురించీ చెప్పాలి. అక్కడ సంగతి ఇంకా తీవ్రం. ప్లేటో రిపబ్లిక్‌లో లోపంతో పుట్టిన బిడ్డల్ని ఎవరికీ తెలియని చోట దాచేయమన్నాడు. థామస్ మోర్ 1516లో యుటోపియా రాస్తూ, ఒకరి అంగవైకల్యాన్ని ఎగతాళి చేస్తే సిగ్గుపడాల్సింది ఎగతాళి చేసినవాడే అన్నాడు. ఎంత చక్కటి మాట! అదే పుస్తకంలో నయంకాని నొప్పితో ఉన్నవాళ్ల దగ్గరికి పూజారులు, అధికారులు వెళ్లి, ఇక ప్రాణం వదిలేయడం మంచిదని నచ్చజెబుతారు. బలవంతం లేదంటాడు. మంచం మీద ఉన్న మనిషి ముందు అధికారి నిలబడి చెప్పడంలో ఎంత బలవంతం ఉందో పాఠకుడే ఊహించుకోవాలి. ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే రచయిత చేతిలో ఉన్నాయి.

కంపనెల్లా అనే ఇటలీ సన్యాసి 1602లో నేపుల్స్ జైల్లో కూర్చుని సూర్యనగరం రాశాడు. అక్కడ కుంటివాళ్లు కళ్లతో కాపలా కాస్తారు, గుడ్డివాళ్లు చేతులతో ఉన్ని ఏకుతారు, చేతులూ కళ్లూ లేనివాళ్లు చెవులతో, గొంతుతో నగరానికి పనికొస్తారు. మొదటిసారి చదివినప్పుడు నా గుండె నిండిపోయింది. నాలుగు వందల ఏళ్ల కింద ఒక మనిషి మమ్మల్ని లెక్కలోకి తీసుకున్నాడు! రెండోసారి చదివితే వేరే సంగతి కనబడింది. పనికి రావడమే అక్కడ అర్హత. ఎవరు ఎవరితో పిల్లల్ని కనాలో కూడా అధికారులే నిర్ణయిస్తారు. 1888లో ఎడ్వర్డ్ బెల్లమీ రాసిన నవలలో 2000 సంవత్సరపు బోస్టన్ ఇంకో అడుగు ముందుకేసింది. శక్తి తక్కువైనవాళ్లను ఒక ప్రత్యేక దళంగా పెట్టి, చేతనైన పని ఇస్తుంది, చేసినా చేయకపోయినా అందరితో సమానంగా ఆదాయం ఇస్తుంది. అది దయ కాదు, హక్కు అని ఆ నవలలో డాక్టర్ గట్టిగా వాదిస్తాడు. కానీ ఆ దళానికి ఒక చిహ్నం ఉంది, అందరూ దాన్ని ధరించాలి. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ కోసం క్యాంపులో నిలబడి, నలభై శాతం వస్తుందా రాదా అని ఎదురుచూసిన వాళ్లెవరైనా ఆ పేజీ దగ్గర కాసేపు ఆగుతారు. సాయం అందాలంటే గుర్తించాలి, గుర్తిస్తే వేరు పెట్టినట్టవుతుంది. ఈ చిక్కును ఏ ఊహానగరమూ పూర్తిగా విప్పలేదు. మీ నగరం విప్పాల్సిన అవసరం లేదు, కానీ అక్కడ ఒకరైనా ఈ గొడవ పడాలి.

ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1904లో రాసిన గుడ్డివాళ్ల దేశం కథ మీరు తప్పక చదవండి. ఆండీస్ కొండల్లో తరతరాలుగా అందరూ చూపులేనివాళ్లే ఉన్న లోయలోకి చూపున్న మనిషి ఒకడు జారిపడతాడు. తాను రాజవుతాననుకుంటాడు. అక్కడి ఇళ్లకు కిటికీలు లేవు. దారుల అంచుల్లో గట్లుంటాయి, ఏ దారి ఎటు పోతుందో ఆ గట్ల మీది గాట్లు చెబుతాయి. వాళ్లు చల్లగా ఉండే రాత్రి పని చేస్తారు, వేడిగా ఉండే పగలు నిద్రపోతారు. చీకటి ఇళ్లలో తడబడేది అతనే. చివరికి వాళ్ల వైద్యుడు పరీక్షించి, ఇతని పిచ్చికి కారణం ఆ కళ్లే, తీసేస్తే బాగవుతాడు అంటాడు. ఆ లోయవాళ్లను మూఢులుగా చూపడం నాకు నచ్చదు. అయినా ఒక శరీరానికి తగ్గట్టు ఊరు కడితే ఇంకో శరీరం ఎలా లోపంగా మారుతుందో ఇంత స్పష్టంగా చూపిన కథ నేను వేరే చదవలేదు.

ఇప్పుడు మన ఊరికి రండి. ఉదయం పూట ఆర్కే బీచ్ రోడ్డు మీద కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. ఆ సమయంలో వెళ్తే రోడ్డు మధ్యలో కర్రలతో నా ఇష్టం వచ్చినంత నిదానంగా నడుస్తాను. వెనక హారన్ ఉండదు. అదే రోడ్డు మీద తొమ్మిదింటికి నేను నడవలేను. నా కాలు ఉదయం ఎలా ఉందో తొమ్మిదింటికీ అలాగే ఉంది. రోడ్డు దాటి ఇసుకలోకి దిగితే కర్ర మొన కూరుకుపోతుంది, అక్కడ మళ్లీ నా పని అయిపోతుంది. ఆ పక్కనే ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామి మ్యూజియంలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దూరాలి. దాన్ని కుర్ర నావికుల కోసం కట్టారు, సరే. కానీ అందరి కోసం కట్టామని చెప్పే ఊహానగరాల్లో కూడా చాలాసార్లు అలాంటి ద్వారాలే ఉంటాయి, రచయితకు కనబడవంతే.

మీ గుడి మెట్ల అధ్యాయంలో జరిగింది అదే. అందరూ పాటలు పాడుతూ ఎక్కుతుంటే, ఆమె కింద నిలబడిపోతే, కథానాయకుడు వచ్చి ఎత్తుకుని తీసుకెళ్తాడు. మీరు దాన్ని ప్రేమగా రాశారు, తెలుస్తోంది. కానీ ఆదర్శ నగరం ఆ కొండకు మెట్లు మాత్రమే ఎందుకు కట్టింది? మన సింహాచలానికి మెట్ల దారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. మీ ఊళ్లో రెండో దారి ఎవరు అడిగారు, ఎవరు వద్దన్నారు, కొండ తవ్వితే అపచారమని ఎవరన్నారు? ఒకవేళ దారి లేకపోతే ఆ నగరం తాను చెప్పుకున్నంత మంచిది కాదని ఆమెకు తెలియాలి, మీకూ తెలియాలి. ఎత్తుకోవడం ఉంచాలనుకుంటే ముందు ఆమెను అడిగించండి. నన్ను చిన్నప్పుడు అడక్కుండా ఎత్తినవాళ్లంతా మంచివాళ్లే. ఆ క్షణంలో చేతుల్లోంచి కర్రలు జారిపోయి, ఇంకొకరి ఇష్టం మీద గాల్లో ఉండటం ఎలా ఉంటుందో మాత్రం వాళ్లకు తెలియదు.

శరీరం వివరాలు కొన్ని చెబుతాను, వాడుకోండి. కర్రలతో ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ భయం. కర్ర మొనకుండే రబ్బరు బుష్ అరిగితే తడి గచ్చు మీద జారుతుంది, కాబట్టి ఆమె దగ్గర ఎప్పుడూ ఒక జత అదనంగా ఉండాలి. అరచేతుల్లో కాయలు కాస్తాయి. వయసు పెరిగేకొద్దీ కాలి కన్నా భుజాలు ముందు నొప్పెడతాయి. రెండు చేతులూ కర్రల మీద ఉంటాయి కనుక గొడుగు పట్టుకోలేదు, టీ గ్లాసు మోయలేదు. మీ మూడో పేజీలో ఆమె కర్రలతో నడుస్తూ లాంతరు పట్టుకుంది, అది మార్చండి. పడవ పని మాత్రం ఎక్కువగా కూర్చుని, పట్టుకుని చేసేది. పడవ కడుపు పక్కన ఆమె ఎవరికన్నా వేగంగా కదలొచ్చు. ఊగే పడవలో అందరికీ పట్టు కావాలి, ఆమెకు పట్టు వెతుక్కోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

అయితే ఆమెకు అద్భుత శక్తి ఇవ్వకండి. కాలు లేదు కాబట్టి గాల్లో ఎగురుతుంది, కళ్లు లేవు కాబట్టి భవిష్యత్తు చూస్తుంది అనే బాకీ తీర్చే పద్ధతి ఫాంటసీలో మరీ ఎక్కువైపోయింది. ఇస్తే దానికి హద్దులుండాలి. 2005లో మొదలైన అవతార్ ది లాస్ట్ ఎయిర్‌బెండర్ కార్టూన్ సీరియల్‌లో టాఫ్ అనే చూపులేని పిల్ల నేల కంపనాల్ని పాదాలతో గ్రహిస్తుంది. కానీ ఇసుక మీద ఆమెకు అంతా మసకబారుతుంది, కాగితం మీద రాసింది చదవలేదు. శక్తి వచ్చినా చూపులేనితనం ఎక్కడికీ పోలేదు. జార్జ్ మార్టిన్ 1996లో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌తో మొదలుపెట్టిన నవలల్లో నాకు నచ్చిన చోటు ఇంకా చిన్నది. కాళ్లు చచ్చుబడిన కుర్రాడు బ్రాన్ కోసం, మరుగుజ్జు టిరియన్ ఒక ప్రత్యేకమైన గుర్రపు జీను బొమ్మ గీసి ఇస్తాడు. డ్రాగన్లున్న కథలో ఒక జీను! తన శరీరంతో ఇబ్బందులు పడినవాడికే అది తట్టింది.

ఇంకొక మాట. మీ నగరమంతా వెతికితే వైకల్యం ఉన్నది ఆమె ఒక్కతికే. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాలను గుర్తించింది. అందులో మన ఏజెన్సీ పల్లెల్లో కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది, అలాంటిదే తలసేమియా ఉంది, మానసిక వ్యాధి ఉంది, బయటికి కనిపించనివి ఎన్నో ఉన్నాయి. సముద్రం మీద బతికే ఊళ్లో మోకులో ఇరుక్కుని వేళ్లు పోయినవాళ్లు, కొయ్య కోసే మోతకు చెవుడొచ్చినవాళ్లు, ముసలితనంతో చూపు తగ్గినవాళ్లు ఉండకుండా ఎలా ఉంటారు? వాళ్లను సంతలో, రేవులో, పెళ్లి పందిట్లో మామూలుగా కనబడనివ్వండి. అప్పుడు ఆమె మీద మొత్తం బరువు పడదు. మంచిదిగా, ఓర్పుగా, అందరికీ స్ఫూర్తిగా ఉండాల్సిన పని తప్పుతుంది. ఆమె కోప్పడొచ్చు, లెక్కల్లో మోసం చేయొచ్చు, ఎవరినో ప్రేమించి తర్వాత వద్దనుకోవచ్చు.

విలన్ మచ్చ తీసెయ్యండి. బాహుబలిలో బిజ్జలదేవుడి ఎండిన చేతిని చూడగానే అతను కుట్రదారు అని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. చెయ్యి సరిగా లేదని సింహాసనం ఇవ్వకపోతే అది అన్యాయమా అని ఆలోచించే సందు ఆ కథలో దాదాపు లేదు. యాసిడ్ దాడి బాధితులు కూడా పైన చెప్పిన చట్టంలో ఉన్నారు. కాలిన మొహాన్ని చెడుకు గుర్తుగా వాడితే ముందు తగిలేది వాళ్లకే. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో, టీవీల్లో వికలాంగులను చూపే తీరు మీద మార్గదర్శకాలు ఇస్తూ, వాళ్లను సంప్రదించి రూపొందించాలని చెప్పింది. అది దృశ్య మాధ్యమాలకే, నవలకు నియమం కాదు. అయినా అచ్చుకు ముందు కర్రలు వాడే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు చదవడానికివ్వండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి. నేను మగవాణ్ణి, చీరకట్టుతో కర్రల నడక గురించి నాకు తెలియనిది చాలా ఉంటుంది. ఆ మచ్చ మీద అంత ఇష్టముంటే మేస్త్రికి పని నేర్పిన ముసలాయనకు పెట్టండి. పడవల అతుకులకు తారు కాచేవాళ్లకు అలాంటి మచ్చలు సహజం. ఆయన మొహం చూసి చిన్నపిల్లలు భయపడకుండా దగ్గరికొచ్చి కూర్చునే ఊరు ఎలా ఉంటుందో రాయండి.